కంప్యూటర్ పోయిందన్నా!

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాకా 40వ నంబరు జాతీయ రహదారి పొడవునా కార్ల రోగాలన్నింటికీ ఇప్పుడు ఒకటే పేరు: కంప్యూటర్ పోయింది. కొత్త బ్యాటరీ వేశాక అద్దం ఒక్క నొక్కుకే పైకి పోవడం లేదా? కంప్యూటర్. గడియారం తప్పు టైము చూపుతోందా? అదీ కంప్యూటరే. స్టీరియో కోడ్ అడుగుతోందా? అయితే మెయిన్ కంప్యూటర్! "మార్చాల్సిందేనన్నా, హైదరాబాదు నుంచి తెప్పియ్యాల" అని మేస్త్రీ అనేసరికి యజమాని ముఖానికి సెల్ఫ్ ఎత్తదు.

అదెక్కడుంటుందని అడిగితే "లోపల" అంటారు. దేవుడి గురించి మన పెద్దలూ అదే చెప్పారు కాబట్టి వాదించలేం.

జరిగింది చిన్న సంగతి. కరెంటు పూర్తిగా తెగాక బండి కొన్నింటిని మరిచిపోతుంది: అద్దం ఎక్కడ ఆగాలో, ఇంజిన్ నిలకడగా తిరగడానికి గాలి ఎంత కావాలో, స్టీరింగ్‌కు నేరు ఏదో. చాలా బండ్లలో అద్దాన్ని పూర్తిగా పైకెత్తి, స్విచ్చును ఇంకొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే గుర్తొస్తుంది. స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి కాస్త దూరం నడిపితే డాష్‌బోర్డులో వెలిగే స్టీరింగ్ దీపం ఆరిపోతుంది. కొన్నింటికి స్కానర్ పెట్టక తప్పదు, నిజమే. మిగిలినదంతా కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకమేమో డాష్‌బోర్డు అరలో, కొన్ననాటి ప్లాస్టిక్ కవరు విప్పకుండా, మడిగా ఉంది.

పాత బ్యాటరీ ఎందుకు చచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. ఓర్వకల్లు దగ్గర గని, శకునాలలో 1000 మెగావాట్ల సౌర పార్కును నడిపే ఎండే బానెట్ కింద బ్యాటరీ నీళ్లను ఆవిరి చేసి, సీసపు పలకలను తినేస్తుంది. 1985లో తిరుపతి దగ్గర పుట్టిన అమరరాజా దేశమంతటికీ బ్యాటరీలు పంపుతోంది. అంత చదువు పక్కనే ఉన్నా సీమ షెడ్లలో పరీక్ష మాత్రం తాతలనాటిదే.

ఆ పరీక్ష చూసి తీరాలి. ఇంజిన్ నడుస్తుండగానే నెగటివ్ టెర్మినల్ పీకేస్తారు. "చూడన్నా, బండి ఆగలేదు. ఆల్టర్నేటర్ బాగుండాది" అని చుట్టూ ఒక చూపు. డైనమోతో నడిచిన పాత అంబాసిడర్ల కాలంలో ఆ విద్య చెల్లింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, విద్య ఆగలేదు. ఇప్పటి బండిలో ఆల్టర్నేటర్ పంపే కరెంటును బ్యాటరీ మింగుతూ ఉంటుంది. ఛార్జింగ్ జోరు మీద ఉండగా దాన్ని ఒక్కసారిగా తప్పిస్తే వోల్టేజీ రెప్పపాటులో పదుల్లోకి ఎగురుతుంది, రక్షణ లేనిచోట 100కు చేరువవుతుంది. 12 వోల్టుల బండికని చేసిన చిప్పులకు అది పిడుగు. అప్పటిదాకా కంప్యూటర్ పోలేదు. ఇప్పుడు పోయి ఉండొచ్చు. మేస్త్రీ జోస్యం ఫలించింది.

ఇంత సాహసం అక్కర్లేకుండా మల్టీమీటర్ అనే వస్తువొకటి దొరుకుతుంది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టుల దగ్గర, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా చూపితే మామూలు బండ్లలో బ్యాటరీ, ఆల్టర్నేటర్ రెండూ కులాసానే. అప్పటికీ లైట్లు మిణుకుమంటుంటే ఇంజిన్ ఆపి టెర్మినల్‌ను చేత్తో కదిపి చూడాలి. కదిలితే బిగించాలి, తెల్లపొడి పేరుకుంటే గీకాలి. ఎర్త్ వైరు బాడీకి తగిలించిన చోట తుప్పుంటే దొంగ దొరికినట్టే. 10 నంబరు స్పానర్ పని. అంత చిన్నపనికి బిల్లు ఎంతని రాస్తారు? అందుకే అది రోగాల లెక్కలోకి రాదు.

మన అన్న కూడా తక్కువోడు కాదు. కొత్త బ్యాటరీకి పసుపు కుంకుమ పెట్టి, బంపరుకు నిమ్మకాయ మిరపకాయలు కట్టి, పాత బ్యాటరీ ఎక్స్ఛేంజ్ ధరలో 200 రూపాయల కోసం అరగంట బేరమాడతాడు. కంప్యూటర్ అనగానే ఎంతైందని కూడా అడక్కుండా ఫోన్‌పే తెరుస్తాడు.