నాకు నిద్ర వచ్చె (టీకా తాత్పర్య సహితము)

మూలం:

మొదట మూడు వారములు నిద్ర మానితి
పిదప ముడులు విప్ప వేచియుంటి
ముడికి ముడిని వేయ మూటయై పోయెను
నాకు నిద్ర వచ్చె నన్ను విడుడు

అవతారిక: కవి అజ్ఞాతుడు. ఊరూ గోత్రం తెలియవు, వృత్తి మాత్రం టీవీ చూడటం. కాలనిర్ణయానికి ఇబ్బంది లేదు. టిమ్ క్రింగ్ సృష్టించిన ‘హీరోస్’ అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ 2006 సెప్టెంబర్ 25, సోమవారం రాత్రి అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో మొదలైంది. తొలి రాత్రి చూసినవారు కోటీ నలభై లక్షల పైచిలుకు. 2010 ఫిబ్రవరి 8న ఆఖరి ఎపిసోడ్ వచ్చేసరికి అర కోటి మంది కూడా మిగల్లేదు. కాబట్టి ఈ పద్యం ఆ రెండు తేదీల నడుమ పుట్టిందనీ, లేచి వెళ్లిపోయినవాళ్లలో ఒకరు గుమ్మం దాటుతూ చెప్పారనీ విజ్ఞుల అభిప్రాయం. విజ్ఞులంటే ఇక్కడ నేనొక్కణ్ణే.

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథ సూరి, మూలంలో లేని ముక్క ఒక్కటీ రాయనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యానం చేశాడు. ఆయన ముందున్నది కాళిదాసు. నా ముందున్నది నిద్రొచ్చినవాడి ఆటవెలది. ఆ ఒట్టు నాకు వర్తించదు.

ప్రతిపదార్థం: మొదట = తొలి సీజనులో; మూడు వారములు = ఇరవై మూడు ఎపిసోడ్లు (ఇరవైకి గణాల్లో చోటు దొరక్క కవి దాన్ని అధ్యాహారానికి వదిలేశాడు); నిద్ర మానితి = సోమవారం రాత్రి తొమ్మిదింటికి కూర్చుని, పదింటికి అయిపోయాక కూడా దాని గురించే మాట్లాడితిని; పిదప = రెండో సీజను లగాయతు; ముడులు = కథకుడు వేసినవి; విప్ప = ఆ కథకుడే విప్పగా చూడాలని; వేచియుంటి = ఓపిక పట్టితిని; ముడికి ముడిని వేయ = పాతది అలాగే ఉండగా దానిమీద కొత్తది బిగించగా; మూటయై పోయెను = ఏ కొస ఎక్కడిదో పోల్చరాకుండా పోయెను; నిద్ర వచ్చె = మొదటి పాదంలో మానేసిన నిద్రే తిరిగి వచ్చెను; విడుడు = బహువచనం. ఇంట్లోవాళ్లను అన్నది కాదు. రచయితల గదిలో కూర్చున్నవాళ్లందరినీ కలిపి అన్నది.

ఒకటో పాదానికి టీక: నిద్ర మానేటంత ఏముంది అందులో? మామూలు మనుషులకు ఉన్నట్టుండి శక్తులు వస్తాయి. టెక్సస్‌లో క్లెయిర్ అనే చీర్‌లీడర్ పిల్లకు ఎంత దెబ్బ తగిలినా మానిపోతుంది. టోక్యోలో హీరో నకమురా అనే ఆఫీసు గుమాస్తా కాలాన్ని ఆపగలడు. న్యూయార్క్‌లో ఐజాక్ అనే చిత్రకారుడు రేపు జరిగేది ఇవాళ గీస్తాడు. సైలర్ అనేవాడు ఇలాంటివాళ్ల తలలు కోసి శక్తులు దొంగిలిస్తాడు. ఇవన్నీ కామిక్ పుస్తకాల్లో అంతకుముందు ఉన్నవే. కొత్తగా ఉన్నది ఒక తేదీ. నకమురా మొదట్లోనే పొరపాటున ఐదు వారాలు ముందుకు దూకి, నవంబర్ 8న న్యూయార్క్ పేలిపోవడం కళ్లారా చూసి వెనక్కి వస్తాడు. అక్కణ్ణుంచి ప్రతి ఎపిసోడూ ఆ తేదీ వైపే నడుస్తుంది. ఎవడు ఎక్కడ తిరిగినా, ఏ పిచ్చిపని చేసినా, నవంబర్ 8 దగ్గర పడుతోందని ప్రేక్షకుడికి గుర్తుంటుంది. గడువున్న కథకు పక్కదారులు పట్టే తీరిక ఉండదు.

ఇక్కడ ‘కంపెనీ మ్యాన్’ అనే పదిహేడో ఎపిసోడును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రాసినవాడు బ్రయన్ ఫుల్లర్. లోకాన్ని కాపాడే గొడవంతా పక్కన పెట్టి, కథను దాదాపుగా ఒక్క ఇంట్లో కూర్చోబెట్టాడు. క్లెయిర్‌ను పెంచిన తండ్రి నోవా బెన్నెట్, పైకి కాగితం అమ్ముకునే ఉద్యోగి, లోపల శక్తులున్నవాళ్లను వేటాడే సంస్థ మనిషి. ఒంట్లో అణుశక్తి ఉన్నవాడొకడు ఇంట్లో దూరి కుటుంబాన్ని బందీ చేస్తాడు. ఆఖర్న బెన్నెట్ కూతుర్ని ఎవరికీ చిక్కకుండా పంపించేసి, ఎక్కడికి పంపాడో తన దగ్గర ఎవరూ రాబట్టలేకుండా, తన జ్ఞాపకాన్ని తుడిచేయమని తోటివాణ్ణి అడుగుతాడు. అనుమానం రాకుండా తనను తుపాకీతో కాల్చమని కూడా చెబుతాడు. కూతుర్ని కాపాడుకోవడానికి కూతురి గురించి తనకు తెలిసినదాన్ని వదులుకున్నాడు. సీరియల్ మొత్తంలో ఇంతకు మించిన ఘట్టం లేదని నా తీర్పు.

రెండో పాదానికి టీక: తొలి సీజను చివర ఆ పేలుడు ఒంట్లోంచే రాబోతున్న పీటర్ పెట్రెల్లీని అన్న నేథన్ ఆకాశంలోకి ఎత్తుకుపోతాడు, నగరం దక్కుతుంది. కత్తిపోటు తిన్న సైలర్ మాత్రం ఉన్నచోట ఉండడు. నెత్తుటి చార ఒకటి మురుగుకాలువ మూత దాకా వెళ్లి ఆగుతుంది. నకమురా 1671 నాటి జపాన్‌లో తేలతాడు. ముడులు ఇవి. వీటిని విప్పుతారని జనం నాలుగు నెలలు ఆగారు. 2007 సెప్టెంబర్ 24న రెండో సీజను మొదలైతే నకమురా ఆ పాతకాలపు జపాన్‌లోంచి వారాల తరబడి బయటపడడు. పీటర్ గతం మరిచిపోయి ఐర్లండ్‌లో ఒక కంటెయినర్ పెట్టెలో సంకెళ్లతో దొరుకుతాడు. మాయా, అలెహాంద్రో అనే కొత్త కవలలు అమెరికా సరిహద్దు వైపు నడుస్తూనే ఉంటారు.

మూడో పాదానికి టీక: పద్యానికి ప్రాణం ఇక్కడుంది, వ్యాఖ్యాత కూడా ఇక్కడ తీరిగ్గా కూర్చోవాలి. రెండో సీజను తొమ్మిదో ఎపిసోడులో అదే నోవా బెన్నెట్‌ను కంటిలో కాల్చి చంపుతారు. అతను ఇలా పోతాడని ఐజాక్ ముందే బొమ్మ గీసి పెట్టాడు. పగిలిన కళ్లద్దంతో సహా ఆ బొమ్మ వారాలుగా మనల్ని వెంటాడుతోంది. తండ్రి పడిపోవడం కూతురు చూస్తుంది, ఏడుస్తుంది, మనమూ నోరు మూసుకుని కూర్చుంటాం. ఆ ఎపిసోడ్ ముగిసేలోపే బెన్నెట్ ఒక బల్లమీద పడుకుని ఉంటాడు, క్లెయిర్ నెత్తురు గొట్టం గుండా ఒంట్లోకి దిగుతుంటుంది, పోయిన కన్ను పూడుకుంటుంది, లేచి కూర్చుంటాడు.

అప్పటికి సంతోషమే, కాదనను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఆలోచిస్తే తెలుస్తుంది జరిగిన నష్టం. క్లెయిర్ నెత్తురు చచ్చినవాణ్ణి లేపుతుందంటే ఇక ఎవరు చచ్చినా ఒకటే ప్రశ్న: సీసా ఎక్కడ? తర్వాత చూడండి. రెండో సీజను చివర నేథన్‌ను కాలిస్తే మూడో సీజను మొదట్లో లేచాడు. మంటల్లో పోయిన నికీ అనే పాత్ర వేసిన నటి ఆలీ లార్టర్ తిరిగి రావాలి గనక, నికీకి పుట్టుకతో విడిపోయిన తోబుట్టువు ఒకతె ఉందన్నారు. సైలర్ దుర్మార్గుడు, ఆపైన పీటర్, నేథన్‌లకు తోడు అతనూ పెట్రెల్లీ వారి కొడుకన్నారు, మంచివాడవుతానన్నాడు, కాదన్నాడు, మళ్లీ అవుతానన్నాడు.

మన ఆలంకారికులు దీనికి ఎప్పుడో లెక్క కట్టి పెట్టారు. ఎడబాసినవాళ్లు తిరిగి కలుస్తారన్న ఆశ మిగిలి ఉంటే అది విప్రలంభ శృంగారం, ఆశ లేకపోతే కరుణం. ఈ సీరియల్లో రెండో సీజను తర్వాత కరుణానికి చోటే లేదు. చావులన్నీ విప్రలంభాలే. శవం మీద పడి ఏడుస్తున్నవాళ్లను చూస్తూ ప్రేక్షకుడు ‘పర్లేదమ్మా, వచ్చేవారం వస్తాడు’ అని సముదాయించే స్థితికి వచ్చాడు.

మూటలో చిక్కిన ఒక మనిషి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఐర్లండ్‌లో పీటర్‌ను చేరదీసిన అమ్మాయి కేట్‌లిన్. ఇద్దరూ కలిసి భవిష్యత్తులోకి, మహమ్మారి ఊడ్చేసిన న్యూయార్క్‌లోకి వెళ్తారు. పీటర్ ఒక్కడే వర్తమానంలోకి తిరిగొస్తాడు. ఆమె అక్కడే ఉండిపోయింది. ఇంతలో 2007 నవంబర్ 5న హాలీవుడ్ రచయితల సమ్మె మొదలైంది, సీజను 11 ఎపిసోడ్లకే ముగించాల్సి వచ్చింది, మహమ్మారి కథను ఎత్తేసి చివరి దృశ్యం మార్చారు. మహమ్మారి రాకపోతే ఆ భవిష్యత్తూ లేదు. మరి కేట్‌లిన్? తర్వాత రెండు సీజన్లు నడిచినా ఆమె ఏమైందో ఎవరూ చెప్పలేదు. చచ్చినవాళ్లందరూ తిరిగొచ్చిన కథలో, చావని పిల్ల ఒక్కతే రాలేదు. (ఆ మహమ్మారికి పెట్టిన పేరు శాంతి వైరస్! దాంతో మొదట చనిపోయిన, మొహిందర్ సురేష్ అనే ప్రొఫెసర్ అక్క పేరది. అక్కడి రచయితలకు ఆ మాట అర్థం తెలిసే పెట్టారో ఏమో.)

శంక: దోషమంతా సమ్మెదే అనరాదా?
సమాధానం: అనరాదు. సమ్మె నవంబర్లో వచ్చింది, జపాన్ విహారం సెప్టెంబర్ నుంచే సాగుతోంది. పైగా ఆ నవంబర్లోనే ‘ఎంటర్‌టైన్‌మెంట్ వీక్లీ’ పత్రికతో క్రింగ్ తానే ఒప్పుకున్నాడు: కథ నత్తనడక నడిచిందనీ, నకమురాను జపాన్‌లో అన్ని వారాలు ఉంచాల్సింది కాదనీ, ప్రేమకథలు అతకలేదనీ. కథకుడే చెప్పాక వ్యాఖ్యాత సమ్మెమీద నెపం వేస్తే బాగుండదు.

శంక: సైన్సు తప్పులతడకగా ఉండటం వల్ల విసుగు పుట్టిందా?
సమాధానం: అదీ కాదు. మొదటి ఎపిసోడులోనే మద్రాసులో ఆ మొహిందర్ పరిణామక్రమంలో బొద్దింకను మించినది లేదని పాఠం చెబుతాడు. నగరానికి చెన్నై అని పేరు మారి అప్పటికి పదేళ్లు. జనం దాన్నీ, దీన్నీ, ఆ ఎపిసోడులోని సూర్యగ్రహణాన్నీ అన్నిటినీ మింగారు. ఒక అసంభవాన్ని నమ్మడానికి సిద్ధపడే సైన్స్ ఫిక్షన్ ముందు కూర్చుంటారు. ఆ అసంభవానికి పెట్టుకున్న హద్దును కథ తనంతట తాను తెంచుకుంటేనే చిక్కు. మూడో సీజనులో ఆ బొద్దింక ప్రొఫెసరే శక్తికోసం ఒంట్లోకి మందు ఎక్కించుకుని, చర్మం మీద పొలుసులు మొలిచి, మనుషుల్ని పట్టుపురుగుల్లా గూళ్లలో చుట్టి గోడకు అంటించడం మొదలుపెట్టాడు. ఇది చూసి నవ్వినవాళ్లు సైన్సు తెలిసి నవ్వలేదు.

శంక: శక్తులు పెరిగితే కథ రక్తి కట్టాలి కదా?
సమాధానం: కట్టదు. ఎదుటివాడి శక్తినల్లా పీల్చుకునే పీటర్‌కు తొలి సీజను చివరికి అన్నీ వచ్చేశాయి. అన్నీ వచ్చినవాడికి కష్టం ఏం పెడతారు? అందుకే ఒకసారి జ్ఞాపకం పోగొట్టారు, ఒకసారి తండ్రి చేత శక్తులన్నీ లాగించారు, ఆపైన ఒక్కసారికి ఒక్కటే అన్నారు. కాలాన్ని ఆపే నకమురాతో ఇంకా కష్టం. జపాన్ అయిపోయాక పదేళ్ల పిల్లాడి బుర్ర ఇచ్చారు, ఆపైన మెదడులో కణితి పెట్టారు. మొదట వరాలిచ్చి తర్వాత ఆ వరాలకు విరుగుళ్లు వెతుక్కోవడంతోనే మూడేళ్లూ గడిచాయి.

పాఠాంతరం: నాలుగో పాదంలో ‘నాకు నవ్వు వచ్చె’ అనే పాఠం కూడా కనిపిస్తుంది. మొహిందర్ పొలుసుల దగ్గర లేచిపోయినవాళ్లు దాన్నే చదువుతారు. బెన్నెట్ లేచి కూర్చున్నప్పుడే మనసు విరిగినవాళ్లకు ‘నిద్ర’ పాఠమే సమ్మతం.

తాత్పర్యం: ఓ రచయితలారా! మీరు మొదట ఒక తేదీ పెట్టి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ తేదీ గడిచాక దానిలాంటిదే ఇంకో ఘోరం చూపించి, దాన్ని తప్పించి, మళ్లీ ఇంకోటి చూపించారు. పోయినవాళ్లను పోనివ్వలేదు, ఉన్నవాళ్లను ఉన్నట్టు ఉంచలేదు. ఏదీ నిజంగా పోని చోట దేనికోసం భయపడను? ఇక మీరు నన్ను వదలండి, పొద్దున్నే ఆఫీసుంది అని భావం.

ఎన్‌బీసీ 2010 మే నెలలో సీరియల్‌ను రద్దు చేసింది. 2015లో ‘హీరోస్ రీబార్న్’ పేరుతో 13 ఎపిసోడ్లు తెచ్చి అక్కడితో ఆపేశారు. సీజనుకో కొత్త బృందంతో కథ నడపాలన్నది నిజానికి క్రింగ్ మొదటి ఆలోచన. జనం పాతవాళ్ల మీద మనసు పడ్డారని వాళ్లనే కొనసాగించారు. చదువరులకు నా మనవి ఒక్కటే: ఈ సీరియల్ జోలికి వెళ్తే మొదటి ఇరవై మూడూ చూసి టీవీ కట్టేయండి. రెండో సీజను పదకొండే కదా, ఒక ఆదివారంలో అయిపోతుంది అని మాత్రం మొదలుపెట్టకండి.