రెండు పూటలా ముఖం చూపాలి

కూచిపూడిలో ముఖాభినయం పట్టుబడాలంటే ఏళ్లు పడుతుందంటారు. ఆ ఊరున్న మొవ్వ మండలం పంట బోదెల్లో పూడిక తీసే కూలీలకు ఢిల్లీ పెద్దలు ఆ విద్యను ఉచితంగా నేర్పేశారు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో దిగాల్సిందే. ఎంత మట్టి తీశావన్నది తర్వాతి మాట, ముందు ముఖం పడాలి. మేటు ఫోను పైకెత్తి గట్టు వెంట సిగ్నల్ వెతుకుతుంటే, ఎండలో కూలీలు పారలు పట్టుకుని కదలకుండా నిలబడాలి. సత్యభామకైనా ఇంత ఓర్పు ఉండదు.

ఇదంతా దొంగ మస్టర్లు ఆపడానికేనట. దొంగ మస్టర్లు లేవని ఎవరన్నారు? కానీ 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒప్పుకుంది: ఫొటోకే ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, ఒకే ఫొటోతో పలు మస్టర్లు నడిపిస్తున్నారని. దానికి విరుగుడుగా పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనుషులే చూడాలన్నారు. మనిషిని నమ్మలేక యంత్రం తెచ్చారు, యంత్రాన్ని నమ్మలేక మళ్లీ మనిషిని పెట్టారు. రేపు ఆ మనిషి మీద కాపలాకు ఇంకో యాప్ రాకపోదు.

ఫొటో గండం గట్టెక్కితే ఆధార్ గండం. 2024 జనవరి నుంచి కూలి డబ్బు ఆధార్ చూపిన ఖాతాకే పోతుంది. అది ఏ ఖాతాయో తెలియక బ్యాంకుల చుట్టూ తిరిగితే ఆ రోజు కూలి పాయె. నాట్లు వేసి వేసి వేలి గీతలు అరిగిన ఆడకూలీని, డబ్బు తీసుకోబోతే ఆమె ఆమె కాదని తేల్చేస్తుంది వేలిముద్ర మిషను.

అదే సెంటు భూమి ఉన్న ఆసామికి పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు. రెండు పూటలా చేలో నిలబడి ఫొటో దిగమని ఆయన్ని ఎవరూ అడగరు. ఆ చేలో నడుం వంచేవాళ్లకు ఆ పథకంలో చోటే లేదు.

15 రోజుల్లో కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. ఆలస్యమైతే పరిహారం రోజుకు 0.05 శాతం. 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. ఆరు రోజుల డబ్బు ఆపితే సర్కారు కట్టే జరిమానా రోజుకు 92 పైసలు! కూలీ ఫొటోకు అందకపోతే మాత్రం కోత రూపాయల్లోనే.

2025 డిసెంబరులో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఏడాదికి హామీ ఇచ్చే పనిదినాలు 100 నుంచి 125 అయ్యాయి. నాట్లు, కోతల వేళ 60 రోజుల దాకా పని ఆపే వీలు పెట్టారు. బయోమెట్రిక్ తనిఖీని మాత్రం చట్టంలోనే పెట్టారు.

ఇంత మంచి యాప్‌ను బోదె గట్టుకే పరిమితం చేయడం అన్యాయం. కూలి బిల్లులు పాస్ చేసే ప్రతి బల్ల దగ్గరా రెండు ఫొటోలు తీయిద్దాం: బిల్లు వచ్చినప్పుడొకటి, కదిలినప్పుడొకటి. రెండోది పడేదాకా అక్కడి జీతాలు ఆపుదాం. ఆలస్యానికి పరిహారం అంటారా, రోజుకు 0.05 శాతం ఉండనే ఉంది.