రంపానికి పాతిక వేలా!

బెజవాడ ఆటోనగర్ గేటు దాటకముందే ఒక సంగతి తేల్చుకోండి. చైన్‌సా కొనడానికి వెళ్తున్నారా, బేరమాడటానికి వెళ్తున్నారా? రెండోదే గొప్ప పని. మిషను ఎలాగూ పాడవుతుంది, బేరం మాత్రం పదేళ్లు చెప్పుకోవచ్చు. కాబట్టి కింది సలహాలన్నీ బేరాన్ని మనసులో పెట్టుకుని ఇస్తున్నవి. చెట్టు సంగతి చెట్టే చూసుకుంటుంది.

ముందు అవసరం మాట. ఉయ్యూరు పక్కన మూడెకరాల వరి, గట్టు మీద నాలుగు కొబ్బరిచెట్లు, పెరట్లో ఒక వేపచెట్టు ఉన్న ఆసామికి సొంత మిషను దేనికని కొందరు అడుగుతారు. మిషను భుజాన వేసుకొచ్చి కోసిపెట్టే మనిషి ఊళ్లోనే ఉన్నాడు, ఏడాదికోసారి పిలిస్తే చాలు కదా అని లెక్క కూడా కట్టి చూపిస్తారు. ఆ లెక్క వినకండి. నందిగామ, జగ్గయ్యపేట వైపు సుబాబుల్ తోటల్లో పొద్దస్తమానం కోసేవాళ్లకు, నూజివీడు దగ్గర ముదిరిన మామిడిచెట్ల తలలు తీసి కొత్త చిగురు రప్పించేవాళ్లకు ఆ మిషను అన్నం పెడుతుంది. మీకు పెట్టదు. మీకది పరువు. పరువును రోజుకూలికి తెచ్చుకుంటారా ఎవరైనా?

ఇక ధర. ఏడెనిమిది వేలకు వచ్చే రకం ఒకటి. స్టిల్, హస్క్‌వర్నా లాంటి పేర్లతో ఇరవై వేలు దాటే రకం ఇంకొకటి. చూడబోతే రెండూ నారింజ రంగే. రెండింటికీ ముందొక బ్లేడు, దాని చుట్టూ గొలుసు, తాడు లాగితే మోగే ఇంజను. కంటికి కనపడని తేడాకు పదిహేను వేలు ఎందుకు పొయ్యాలి? లారీ బ్రేకుల దగ్గరికొచ్చేసరికి ఇదే ఆటోనగర్లో ‘ఒరిజినలేనా, కంపెనీదేనా’ అని పెట్టె తిప్పి తిప్పి చూసే ఓనర్లున్నారు, నిజమే. కానీ అది లారీ, రోడ్డు మీద పోతుంది. చైన్‌సా తిరిగేది మహా అయితే మీ మోకాలికి జానెడు దూరంలో.

తేల్చుకోలేకపోతే సీసీ చూడండి. చవక మిషను స్టిక్కరు మీద 58 సీసీ అని ఇంత లావు అక్షరాలుంటాయి. దానికి మూడింతల ధర చెప్పే స్టిల్ చిన్న మిషను, ఎంఎస్ 180, సిగ్గుపడకుండా 31.8 సీసీ అని రాసుకుంటుంది. ఇంకా ఆలోచించేదేముంది? పనిలేని మెకానిక్కులు కొందరుంటారు. సిలిండరు ఊడదీసి వెర్నియరు పెట్టి కొలుస్తారు. బోరు 45.2 మిల్లీమీటర్లు, స్ట్రోకు 34 అని తేలితే లెక్క 54న్నర దగ్గర ఆగిపోతుంది. “మిగతా మూడున్నర సీసీ ఏదండీ?” అంటారు. స్టిక్కరులో ఉందని చెప్పండి.

స్పేరు పార్టుల గురించి షాపులో అడిగితే మీ అనుభవలేమి బయటపడుతుంది. అయినా నోరు ఆగని కుర్రాళ్లుంటారు.

“బాబాయ్, దీనికి సర్వీసు ఎక్కడ?”

“ఈ సందులోనే.”

“ఎవరు చేస్తారు?”

“ఎవరో ఒకరు చేస్తారయ్యా. ఆటోనగర్ కదా ఇది!”

“మరి క్లచ్ డ్రమ్ము పోతే?”

“పోతే మిషనే మార్చెయ్. అందుకేగా నీకు ఇంత తక్కువలో ఇస్తంట!”

ఇంతకన్నా నిజాయితీగా ఎవరు చెబుతారు? పైగా చోటు బలం ఒకటుంది. ఉత్త చాసిస్‌గా వచ్చిన లారీకి క్యాబిన్ కట్టి, తొట్టి కట్టి, రంగులేసి, నంబరు ప్లేటు చుట్టూ పువ్వులు గీసి పంపే చోటు ఇది. బుష్షు కావాలంటే లేతు మీద తిప్పిస్తారు, పగిలింది వెల్డింగు పెడతారు. కార్బొరేటరు లోపల కాగితమంత పల్చటి డయాఫ్రం ఉంటుంది, దాన్ని లేతు మీద తిప్పడం కుదరదు. క్రాంకు పక్కన రబ్బరు సీలుకు వెల్డింగు పట్టదు. సరిగ్గా ఆ రెండే ముందు పోతాయి. ఖరీదు మిషనుకు అవి ఫలానా నంబరుతో కవర్లో దొరుకుతాయి, పావుగంటలో మార్చేస్తారు. పావుగంట పనికి షాపు దాకా రావడం ఏం లాభం? ఏదీ దొరకని మిషనైతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సందు సందూ తిరగొచ్చు, మధ్యాహ్నం భోజనం కూడా బెజవాడలోనే కానివ్వొచ్చు.

మిషను ఇంటికొచ్చాక పెట్రోలు. లీటరుకు 20 మిల్లీలీటర్ల మంచి టూ స్ట్రోక్ ఆయిలు, అంటే యాభై పాళ్లకు ఒక పాలు కలపమని కంపెనీ పుస్తకంలో ఉంటుంది. మామూలు రకం ఆయిలైతే 40 పొయ్యమంటారు. లూనాలు, పాత చేతక్‌లు నడిపిన వాళ్లం మనం. బంకు కుర్రాడు ఎంత కలిపితే అంత పోయించుకుని బందరు వెళ్లొచ్చాం. మనకా మిల్లీలీటర్లు? టీ గ్లాసుతో కొలవండి. గ్లాసు దొరక్కపోతే కంటితో. అసలు ఆయిలే మరిచిపోయారనుకోండి, మిషను ఇంకా హుషారుగా లేస్తుంది, పొగ కూడా రాదు. మొద్దు సగం తెగేలోపు శబ్దం సన్నబడి, కీచుమని, ఆగుతుంది. తర్వాత తాడు లాగితే కదలదు. పిస్టన్ పట్టేసిందంటారు దాన్ని. ఈ ఇంజన్లకు విడిగా ఆయిలు సంపు ఉండదు. పెట్రోల్లో కలిసొచ్చిన ఆ చుక్కలే నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరిగే క్రాంకునూ బేరింగులనూ తడపాలి. ఇది మీకు ముందే చెప్పలేదని షాపుకెళ్లి గొడవ పడండి. పుస్తకంలో ఉందంటాడు. పుస్తకం ఎవరు చదువుతారని అడగండి.

గొలుసును తడిపే ఆయిలు మళ్లీ వేరు, దాని టాంకు వేరు. దానికోసం బార్ ఆయిలని ఒక డబ్బా కొనమంటారు. ఆటోనగర్లో నిలబడి డబ్బులిచ్చి ఆయిలు కొనడమా! ఏ షెడ్డు ముందు చూసినా లారీల్లోంచి దింపిన కాలిన ఆయిలు పీపాల్లో ఉంటుంది. నల్లగా, పల్చగా, ఊరికే. మసితోపాటు అరిగిన బేరింగుల రజను కూడా అందులో కలిసి ఉంటుంది కాబట్టి గొలుసు పరిగెత్తే గాడిని అది ఉచితంగా అరగదీసి పెడుతుంది. గాడి వెడల్పయ్యాక గొలుసు పక్కకు ఒరుగుతుంది. తిన్నగా మొదలైన కోత చంద్రవంకలా తిరిగి మధ్యలో పట్టేస్తుంది. ఆయిలు పంపు సన్నటి దారి మూసుకుపోతుంది, బ్లేడు నీలంగా మాడుతుంది. గొలుసు తిరిగేటప్పుడు చిమ్మేదంతా కోసేవాడి ముఖానికి, చొక్కాకు, గేదెలు మేసే గడ్డికి పడుతుంది. ఆయిలు వస్తోందో లేదో చూడ్డానికి బ్లేడు కొసను తెల్లకాగితానికి కాస్త ఎడంగా పట్టుకుని ఎక్సలేటరు నొక్కితే కాగితం మీద సన్నగా ఆయిలు గీత పడాలట. తెల్లకాగితాలు పిల్లల హోంవర్కుకు ఉంచండి.

పదును గురించి కూడా అతిగా చెబుతారు. 1946లో జోసెఫ్ కాక్స్ అనే అమెరికావాడు ఒరెగన్ రాష్ట్రంలో కట్టెలు కొడుతూ, మొద్దు లోపల ఒక పెంకు పురుగు పిల్ల చెక్కను అటూ ఇటూ కొరుక్కుంటూ పోవడం చూశాడు. దాని దవడల తీరు చూసి ఒక పన్ను ఎడమకు, ఒక పన్ను కుడికి ఉండే గొలుసు చేశాడు. ఇవాళ్టి గొలుసులన్నీ దాదాపు ఆ వంశమే. ఆ పురుగు ఎప్పుడైనా ఆకురాయి పట్టిందా? మీరెందుకు పట్టాలి? చిన్న గొలుసుకు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల వాలు, ప్రతి పంటికీ అన్నే రాపిళ్లు, దాని ముందున్న గేజు పంటికన్నా 0.65 మిల్లీమీటరు కిందికి. ఇదంతా వడ్రంగులకు. మీరు గొలుసును నేరుగా గ్రైండింగు రాయి దగ్గరికి తీసుకెళ్లండి. నిప్పురవ్వలు వస్తాయి, చూడ్డానికి బాగుంటుంది, పళ్లు నీలం తిరిగి పదును నిలవకుండా పోతాయి. రోడ్డు పక్క చెట్టయితే గ్రైండింగు ఖర్చు కూడా మిగులుతుంది. టూలెట్ బోర్డులకు, ఫ్లెక్సీలకు దిగ్గొట్టిన మేకులు బెరడు కింద ఉంటాయి కదా, అవే చూసుకుంటాయి.

పదునుంటే చెక్క పెచ్చులు పెచ్చులుగా పడుతుంది. మొద్దుబారితే పిండి రాలుతుంది. పిండి వస్తుంటే ఆగకండి, భుజం ఆనించి తొక్కండి. అన్నట్టు, మొద్దుబారిన గొలుసు వేసిన పాతిక వేల మిషనునీ, పదునైన గొలుసు వేసిన ఏడు వేల మిషనునీ పక్కపక్కన పెట్టి ఒకే తుమ్మ మొద్దు మీద వదిలితే చవకదే ముందు తెగ్గొడుతుంది. ఖరీదు మిషన్ల బండారం బయటపెట్టడానికి ఈ ఒక్క పరీక్ష చాలు. మళ్లీ గొలుసులు మార్చి చూపించమని ఎవరైనా అంటే, పొద్దుపోయిందనండి.

జాగ్రత్తల దగ్గరే ఖరీదు కంపెనీలు జేబు కొడతాయి. చేతిపిడి ముందున్న గార్డును మణికట్టుతో నెడితే గొలుసు రెప్పపాటులో ఆగాలట. షాపులోనే మిషను మోగించి ఆ బ్రేకు పరీక్షించమంటారు. పెళ్లిచూపుల్లో అమ్మాయిని పరిగెత్తించే రకం వాళ్లు. బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలితే మిషను ఒక్కసారిగా పైకి లేచి కోసేవాడి ముఖం మీదికి తన్నుకొస్తుంది. మీరు గార్డు దాకా చెయ్యి తేవాలనుకునేలోపే అంతా అయిపోతుంది కాబట్టి, బ్రేకు దానంతట అది పడేలా చేశామని చెప్పి ధర పెంచుతారు. పిడికీ ఇంజనుకూ మధ్య స్ప్రింగులు పెట్టి అదురు తగ్గించామంటారు. అదురే లేకపోతే పని చేస్తున్నట్టు ఎలా తెలుస్తుంది? ఏళ్ల తరబడి ఆ అదురు పట్టినవాళ్లకు చలిపొద్దున వేళ్లు తెల్లగా పాలిపోయి స్పర్శ తెలియదు. మిషను మీదే అయినా పట్టేవి కూలివాడి వేళ్లే గనక ఈ ఖర్చు మీ ఖాతాలోకి రాదు.

కాళ్లకు తొడిగే ప్యాంట్లు కూడా అమ్ముతారు. బట్ట తెగగానే లోపలి పొడుగాటి పోగులు బయటికొచ్చి పళ్లచక్రానికి చుట్టుకుని గొలుసును ఆపేస్తాయట. పెట్రోలు పోసి, తాడు లాగి, అంత కష్టపడి తిప్పిన గొలుసును ఆపే బట్టకు మళ్లీ వేలు పొయ్యాలా? లుంగీ పైకి మడవండి. హవాయి చెప్పులకు గాలి ఆడుతుంది. చెవులకు ప్లగ్గులు పెట్టుకుంటే ‘చెట్టు పడుతోంది, తప్పుకో’ అనే కేక వినపడదు. పెట్టుకోకపోయినా ఆ మోతలో వినపడదనుకోండి.

ఇంత చెప్పినా ఖరీదైనదే కావాలంటే సరే, మరీ ఖరీదైనది కొనండి. 72 సీసీల ఎంఎస్ 381కి ఉన్నవాటిలో పొడుగాటి బ్లేడు వేయించి మునగకొమ్మలు కొట్టండి. నిచ్చెన ఎక్కి ఒంటిచేత్తో పట్టుకుంటే ఊరంతా చూస్తుంది. నాలుగు కిలోల చిన్న మంచి మిషను, ఒక అదనపు గొలుసు, రెండు ఆకురాళ్లు, ఒక హెల్మెటు కలిపి అంతకన్నా తక్కువలోనే వస్తాయి గానీ, ఆ బిల్లు నలుగురికీ చూపించుకునేలా ఉండదు.

కొన్నాక వాడకం తక్కువైతే టాంకు నిండా పెట్రోలు పోసి మూల పెట్టండి. తుపాను వస్తే సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మన డెల్టా గాలిలోని చెమ్మను అది కమ్మగా పీల్చుకుంటుంది, నీరు అడుగున చేరుతుంది, డయాఫ్రం గట్టిబడి ముడుచుకుంటుంది. వేసవిలో పెట్టింది అక్టోబరులో తీస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసినప్పుడు పడిన చెట్లు తీస్తే తప్ప వీధుల్లోకి బండి వెళ్లలేదు. అలాంటి రోజున మీ ఇంటి ముందు చెట్టు అడ్డంగా పడి, మీరు తాడు లాగుతూ, చుట్టూ పదిమంది సలహాలిస్తూ ఉంటే ఆ సందడి వేరు. వంగి బిగిసి ఉన్న కొమ్మను ఏ వైపు నుంచి కోయాలో ఆ పదిమందిలో ఒక్కడికీ తెలియదు. మిషను స్టార్టు కాకపోవడమే అప్పుడు మీకు ఇన్సూరెన్సు.

చెట్టు కొట్టేముందు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం ఉంది. మిషను మోత ఎమ్మార్వో ఆఫీసు దాకా వినపడదు అనే నమ్మకంతో కానివ్వండి.

ఇక ఏడెనిమిది వేలు కూడా ఎక్కువ అనిపిస్తే సెకండ్‌హ్యాండు చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో నానిన మిషనైతే మరీ మంచిది, శుభ్రంగా కడిగి ఉంటుంది. సైలెన్సరు విప్పి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ మీద నిలువు గీతలున్నాయేమో చూడాలంటారు. అమ్మేవాడి ముఖం చూడండి చాలు, అతనూ మీలాంటి మర్యాదస్తుడే. రేపు మీరు అమ్మేటప్పుడు కూడా కొనేవాడికి టార్చి ఇవ్వకండి. ‘ఒక్క సీజనే వాడామండీ, అంతే’ అనండి. అందులో అబద్ధం లేదు కదా!