టూలు రాశారా? ఇక వివరణ రాయకండి

వాట్సాప్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సేవలిచ్చే మనమిత్ర మొదలయ్యాక (2025 జనవరి 30న, 161 సేవలతో) ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ నుంచి రాజాం దాకా కోడు రాయడం వచ్చిన ప్రతి కుర్రాడూ ఏదో ఒక టూలు తయారుచేసి ఏఐ ఏజెంటు చేతిలో పెడదామని చూస్తున్నాడు. మంచిదే. కోడు పూర్తవగానే డాక్యుమెంటేషన్ అంటూ కూర్చోవడమే బాగోలేదు. ఆ జబ్బు ముదరకముందే ఈ చిట్కాలు.

ముందు ఏర్పాటు తెలుసుకోండి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో ప్రతి టూలుకీ ఒక పేరు, ఒక వివరణ, ఏ గడిలో ఏం నింపాలో చెప్పే స్కీమా ఉంటాయి. టూలు గురించి ఏజెంటుకి తెలిసేదంతా అక్కడ రాసిందే. లోపలి కోడు చూడదు, పక్క సీటువాణ్ణి అడగదు. కాబట్టి అక్కడ ఎంత తక్కువ రాస్తే దాని బుర్రకి అంత పదును.

రైళ్ల టూలుకి ‘డేటా తెచ్చు’ అని పేరు పెట్టండి. బస్సులదానికి ‘డేటా తెచ్చు 2’. దేన్ని ఎప్పుడు వాడాలో చెప్పకండి. బస్సు అడిగినవాడికి రైలు దొరికితే లాభమే కదా.

‘స్టేషన్ కోడ్’ అన్న గడికి వివరణగా ‘స్టేషన్ కోడ్’ అనే రాయండి. ఉదాహరణలు పిరికివాళ్లకి. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ కోడు సీహెచ్ఈ. దొరలు మన ఊరిని చికాకోల్ అన్న రోజులనాటిది. స్టేషనేమో శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో ఉంది. ఇక్కడ చంటిపిల్లాడికీ తెలిసిన సంగతి లోకమంతా చదివిన మోడల్‌కి తెలియదా? సీహెచ్ఈ అంటే చెన్నై అనుకుంటుందేమోనని కొందరి బెంగ. చెన్నై సెంట్రల్ కోడు ఎంఏఎస్, మద్రాసు నాటిది. రెండు చోట్లా పాత పేర్లే కనక ఎక్కడికి టికెట్ తీసినా చరిత్ర పాఠం ఉచితం.

మండలం గడిలో వట్టి పేరు చాలు, జిల్లా అడక్కండి. ఆమదాలవలస శ్రీకాకుళం జిల్లాలోది. రేగిడి ఆమదాలవలస అని ఇంకో మండలం ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అది రాజాం, వంగర, సంతకవిటిలతో పాటు విజయనగరం జిల్లాలోకి వెళ్లిపోయింది. పాలకొండ పార్వతీపురం మన్యంలో కలిసింది. మీ జాబితా 2011 జనాభా లెక్కల నాటిదైతే ఆ ముక్క ఎక్కడా పొక్కనివ్వకండి. పాలకొండ శ్రీకాకుళం జిల్లాయేనని ఏజెంటు ధీమాగా చెబితే, విని మురిసిపోయే పెద్దలు అక్కడ ఇంకా ఉన్నారు.

తేదీ ఏ వరసలో రాయాలో చెప్పడం కూడా అతి. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది 11-10-2018న. మనకది అక్టోబరు. అమెరికా లెక్కలో నవంబరు 10. ఏడాది, నెల, రోజు అని స్కీమాలో వరస చెప్పేస్తే తికమక ఉండదు, నిజమే. చెప్పకపోతే ఏజెంటు నవంబరు గాలులు చూసి తుపానే రాలేదని తేలుస్తుంది, ఉద్దానంలో కూలిన కొబ్బరిచెట్లన్నీ లేచి నిలబడతాయి. ఏ ప్రభుత్వం చెయ్యగలిగింది ఈ పని?

అదే ఉద్దానంలో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. ‘ధర’ అని రాసి వదిలెయ్యండి. కిలోకా, బస్తాకా, బస్తాకెన్ని కిలోలు అన్నది రాయకండి. ఏజెంటుకి సిమెంటు బస్తా పరిచయం ఎక్కువ, 50 వేసుకుంటుంది. బస్తా 16,000 అయితే కిలో 200 పడాలి. అది 320 అంటుంది. రైతు ఆ పూటకైనా సంతోషిస్తాడు.

పొరపాటు జరిగితే ‘ఏదో తప్పు జరిగింది’ అన్న జవాబు చాలు. ‘ఆ పేరుతో రెండు మండలాలున్నాయి, ఏది కావాలి?’ అని అడిగారనుకోండి, ఏజెంటు సరిదిద్దుకుని రెండో పిలుపుకే పని ముగించేస్తుంది. ఏమీ చెప్పకపోతే అదే పిలుపు మళ్లీ మళ్లీ పిలుస్తుంది. ప్రతి పిలుపుకీ టోకెన్ల ఖర్చుంది. మోడళ్లు అమ్ముకునేవాళ్లూ బతకాలి.

"మాస్టారూ, పది ప్రశ్నలేసి సరైన టూలే పట్టుకుంటందో లేదో సూడొద్దేటండి?" అన్నాడో కుర్రాడు. వద్దు బాబూ. ప్రశ్నలేస్తే తప్పులు బయటపడతాయి. బయటపడితే వివరణ దిద్దాలి. దిద్దాక మళ్లీ ప్రశ్నలెయ్యాలి. ఇక సాయంత్రం టీకి ఎప్పుడెళ్తావు?

చివరిగా ఒక ముఖ్యమైన చిట్కా. ఆ ప్రోటోకాల్‌కి 2025 మార్చిలో వచ్చిన సవరణ నుంచి టూలుకి కొన్ని గుర్తులు తగిలించే వీలుంది: ఇది చదవడానికేనా, ఉన్నదాన్ని చెరిపేస్తుందా, రెండుసార్లు పిలిస్తే ఇబ్బందా అని. టికెట్ రద్దు చేసే టూలుకి ‘చదవడానికే’ అన్న గుర్తు పెట్టండి. లేకపోతే రద్దు చెయ్యనా అంటూ యజమానిని లేపి అడిగే ప్రమాదముంది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి పలాస వచ్చే మనిషి నిద్ర చెడగొట్టడం దేనికి? టికెట్ లేదన్న సంగతి రైలెక్కాక టీసీ చెబుతాడు.