ఉగాదిలోగా అవార్డు కొట్టడమెలా?

వేపపూత రాకముందే మేలుకోండి. కోయిల కూశాక దరఖాస్తు పెడితే ఆ ఏటికి చప్పట్లు కొట్టే వరసలోనే కుర్చీ దొరుకుతుంది.

ముందు మొహమాటం వదలండి. మన గొప్ప మనమే చెప్పుకోవడమా అని నామోషీ వద్దు. పద్మ పురస్కారాలకే ఎవరి పేరు వాళ్లు పంపుకోవచ్చు. చేసిన సేవను 800 పదాల్లోపు చెప్పాలి, అంతే. మీకు 800 చాలవని నాకు తెలుసు.

పాత్రికేయులైతే ఫైలు కట్టడంలో కాస్త మెలకువ కావాలి. ఇసుక లారీల మీద రాసిన క్లిప్పింగులు ఇంట్లోనే ఉంచి, మంత్రిగారి పర్యటన వార్తలు పైన పెట్టండి. అచ్చయిన వార్తల కొలతను బట్టి చిల్లర చేతిలో పెట్టే లైన్ అకౌంట్ మీద నెట్టుకొచ్చే కంట్రిబ్యూటర్ అయితే 'నిస్వార్థ సేవ' అని ధైర్యంగా రాసుకోవచ్చు. అందులో అబద్ధం లేదు.

కళాకారులు ఒక కళాపీఠం పెట్టుకోవడం ఉత్తమం. తాతగారి పేరు, లెటర్‌హెడ్, రబ్బరు స్టాంపు చాలు. ఎంపిక సంఘంలో ఈ ఏడు ఎవరుంటారో ఊహించి, నిరుడే చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో వాళ్లకు సన్మానం చేసేసి ఉండాలి. నడివేసవిలో శాలువా ఏమిటని అడక్కండి. అది కప్పుకోడానికి కాదు, వచ్చే సభలో ఇంకొకరికి కప్పడానికి. మొన్న నాకు కప్పిన శాలువా ఇంటికొచ్చి విప్పితే అంచున సిరా మరక కనబడింది. రెండేళ్ల కిందట ఒకాయనకి కప్పబోతూ నేనే చేసిన మరక!

వేదిక మీద శాలువా పడగానే మంత్రిగారి చెయ్యి పట్టుకోండి. ఫోటోగ్రాఫరు తలూపేదాకా వదలకండి.

నగదు సంగతి. తెలంగాణ ప్రభుత్వం కాళోజీ, దాశరథి పురస్కారాల కింద 1,01,116 రూపాయలు ఇస్తోంది. లక్ష మాట అటుంచండి, చివరి 116 చూడండి. తాతల కాలంలో తాంబూలంలో పెట్టి ఇచ్చిందీ అదే.

ఆ డబ్బుతో ఫ్లెక్సీలు వేయించుకోండి, బిరుదుతో విజిటింగ్ కార్డులు కొట్టించుకోండి. కథకుడు కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారిలా మాత్రం చెయ్యకండి. 1995లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డుల డబ్బు పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అక్కడి బీరువాల నిండా ఉన్నవి ఇతరుల కథలు.