పంచవాల్వీయము

అవతారిక: ట్రాన్సిస్టర్లు ఇల్లిల్లును చేరకమునుపు రేడియోపెట్టెల ప్రకటనలలో ఈ తీరు వాక్యము పరిపాటి. కొన్నవారు పాటలు వినిరే గాని పదములు విచారింపరైరి. కావున ఈ టీక.

మూలము: ఐదు వాల్వుల ఆల్‌వేవ్ సూపర్‌హెట్, మ్యాజిక్ ఐ సహితము.

టీక:

వాల్వు = ఒకవైపునకే త్రోవనిచ్చునది; సైకిలు ట్యూబునందలి వాల్వు గాలిని లోనికి పోనిచ్చి వెలికి రానీయదు గదా, అట్లు. 1904లో ఇంగ్లండున జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్, గాలి తీసిన గాజుబుడ్డిలో వేడితీగనుండి పలకకే గాని పలకనుండి తీగకు ఎలక్ట్రానులు పోకుండ చేసి ఈ పేరు పెట్టెను. 1906లో అమెరికాయందు లీ డి ఫారెస్ట్ నడుమ గ్రిడ్ అను మూడవ తీగను చేర్చెను. ఆ దారిలోనే వాల్వు క్రమముగా యాంప్లిఫయర్ అయినది. పేరు మాత్రము మారలేదు.

ఐదు = అందొకటి ఇంటి ఏసీ కరెంటును డీసీ చేయు రెక్టిఫయర్. స్టేషను పట్టుటలో దానికి పాత్ర లేదు. అయినను ఒకవైపే పోనిచ్చు పని మానలేదు గనుక వాల్వు అను బిరుదునకు అదియే అసలు హక్కుదారు.

ఆల్‌వేవ్ = సర్వతరంగములు గలది. ఇది అతిశయోక్తి. మీడియం వేవ్, షార్ట్ వేవ్, ఒక్కొక్కచో లాంగ్ వేవ్ అని గ్రహించునది. విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జ్ తరంగము సుమారు 358 మీటర్ల పొడవు. నాడు రేడియో సిలోను పాటలకు 25, 41 మీటర్ల షార్ట్ వేవ్ బ్యాండ్లు చాలెడివి.

సూపర్‌హెట్ = "సూపరనగా భేషని" పూర్వపక్షము. అది పొసగదు. పూర్తిపేరు సూపర్‌సోనిక్ హెటిరోడైన్. హెటిరో అనగా గ్రీకున అన్యము, డైన్ అనగా శక్తి. ఇది రేడియో పరిశోధకుడు ఫెస్సెండెన్ కూర్చిన మాట. వచ్చిన తరంగముతో పెట్టెలో పుట్టించిన వేరొక తరంగమును కలిపినచో రెంటి తేడాకు సమానమైన మూడవది పుట్టును. ఆ మూడవది చెవికి అందనంత పైస్థాయిది గనుక సూపర్‌సోనిక్. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1918లో, పారిస్‌నందున్న అమెరికన్ సైనికాధికారి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ దీనిని కనిపెట్టెను. ఏ స్టేషను త్రిప్పినను తరచు 455 కిలోహెర్ట్జ్‌కే దించి పెంచుటయే కిటుకు.

మ్యాజిక్ ఐ = మాయానేత్రము. స్టేషను సరిగా కుదిరినచో ఆకుపచ్చ వెలుగునందలి నీడ సన్నగిల్లును. 1935 నుండి ఆర్‌సీఏ పెట్టెలలో వెలసినది. ఇదియు వాల్వే. "ఐదింటిలోనిదా?" అని శంక. "సహితము" అనుటచే ఆరవదని సమాధానము.

సహితము = కూడినది. రేడియో లైసెన్సు రహితము, ఆ రోజులలో దానికి పోస్టాఫీసే శరణ్యము.

తాత్పర్యము: ఈ వాక్యమునకు కర్తలిద్దరు. వాల్వు, సూపర్‌హెట్ అన్నవాడు ఇంజనీరు. ఆల్‌వేవ్, మ్యాజిక్ అన్నవాడు అమ్మకందారు. గొప్పగా తోచు సూపర్ ఉన్నమాటయే. అమాయకముగా కనబడు ఆల్ మాత్రము కోత.

ఫలశ్రుతి: ఇది చదివి పెట్టె కొని మీట నొక్కినవారికి తొలుత మౌనమే ఫలము. వాల్వులు వేడెక్కిన పిమ్మటనే శ్రుతి.