అది లోపం కాదట, లక్షణమట!

కొత్త లాప్‌టాప్ కొన్నారా? సంతోషం. ఇక దాన్ని వాడకుండా ఉండటం ఎలాగో నేర్చుకోండి.

టాస్క్‌బార్ దాచేయండి. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఏరేయండి. వాల్‌పేపర్ నల్లగా పెట్టుకోండి. మనవడి ఫొటో పెట్టుకుంటానంటే కుదరదు, వాడు రోజంతా కదలకుండా ఒకే చోట నవ్వుతుంటే తెరకు పడదు. వెలుగు తగ్గించండి. మీరు నాలుగు నిమిషాలు ఏదో ఆలోచనలో పడితే తెర దానంతటదే ఆరిపోయేలా అమర్చుకోండి. ఒకే బొమ్మను గంటల తరబడి ఉంచకండి. ఇవి గిట్టనివాళ్లు పుట్టించిన మాటలు కావు. లక్షకు అటూ ఇటూగా పుచ్చుకుని యంత్రాన్ని చేతిలో పెట్టిన కంపెనీలు, బేరం ముగిశాక తమ సహాయ పేజీల్లో తీరిగ్గా చేసే హితబోధ సారాంశం.

షాపులో ఈ హితబోధ ఏ మూల దాక్కుంది? అక్కడ తెర మీద నెమలి పురి విప్పుతుంటుంది. హోలీ రంగులు ఎగజిమ్ముతుంటాయి. అరచేతులు ఆనించే చోట అంటించిన స్టిక్కరు 500 నిట్స్ అని మెరుస్తుంటుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఏ కొట్లో అడుగుపెట్టినా సేల్స్ కుర్రాడు ‘కలర్స్ చూడండి సార్, కళ్లు చెదిరిపోతాయి’ అంటూ తెరను మీవైపు తిప్పుతాడు. వెలుగు చూపించి డబ్బు తీసుకుంటారు. తీసుకున్నాక చీకట్లో కూర్చోమంటారు.

ఇంతకీ గొడవేమిటంటే, మీరు పొద్దుటి నుంచి ఎక్సెల్ షీటు తెరిచి జీఎస్టీ లెక్కలు చూసుకుంటారు. మధ్యాహ్నం దాన్ని మూసి, బూడిద రంగు నేపథ్యమున్న ఇంకేదో విండో తెరుస్తారు. మూసిన షీటు పోయి ఉండదు. పైన ఏ, బీ, సీ అక్షరాల వరస, మధ్యలో గళ్ల గీతలు, అట్టడుగున షీటు పేరున్న ట్యాబు, అన్నీ పల్చటి నీడలా అలాగే ఉంటాయి. తెల్లటి పేజీ మీద ఆ నీడ దాదాపు తెలియదు. మధ్యరకం బూడిద రంగు మీద మాత్రం అడ్డంగా దొరికిపోతుంది. కాసేపటికో గంటకో కరిగిపోతుంది, రేపు మళ్లీ హాజరవుతుంది. దీన్నే ఇమేజ్ రిటెన్షన్ అంటారు. అనుమానం తీరాలంటే చదరంగం గళ్ల పరీక్ష ఉంది. తెర నిండా నలుపు తెలుపు గళ్లు నింపి పది నిమిషాలు వదిలేసి, ఒక్కసారిగా బూడిద రంగుకు మార్చండి. మంచి తెర అయితే బూడిద రంగు తప్ప ఏమీ ఉండదు. కాకపోతే గళ్లు పలకరిస్తాయి.

కంగారుపడి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అవతలి గొంతు ఏమాత్రం తొణకదు. ‘అది లోపం కాదండీ, ఆ ప్యానెల్ లక్షణం.’

సరే, ఆ లక్షణం పుట్టుపూర్వోత్తరాలేమిటో చూద్దాం. ఎల్‌సీడీ తెరలో రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికాలు ఉంటాయి. వోల్టేజీ ఇస్తే అవి తిరుగుతాయి, తిరిగినదాన్ని బట్టి వెలుతురు బయటికొస్తుంది. వోల్టేజీ ఎప్పుడూ ఒకే దిశలో ఉంటే ఆ ద్రవంలో కలిసిన మలినాల అయాన్లు ఒక పక్కకు చేరి తిష్ఠ వేస్తాయి. అలా జరగకూడదనే ప్రతి ఫ్రేముకూ ధ్రువాలు తారుమారు చేస్తారు, సెకనుకు 60 ఫ్రేముల తెరలో 60 సార్లు. ఆ ప్లస్సూ ఈ మైనస్సూ సరిసమానంగా లేక ఏ కాస్త తేడా మిగిలినా, ఒకే బొమ్మ గంటల తరబడి నిలిచిన చోట ఆ తేడా పోగుపడుతుంది. బొమ్మ మారిపోయినా అక్కడ చేరిన అయాన్లు వెంటనే కదలవు, స్ఫటికాలు పూర్తిగా వెనక్కి తిరగవు. మీరు చూసే నీడ అదే. తెర ఆపి వదిలేస్తే అయాన్లు మెల్లగా చెదిరిపోతాయి, నీడ పోతుంది.

ఇందులో మీ చేతిలో ఉన్నదెంత? ద్రవం శుద్ధిగా ఉందో లేదో చూసుకోవాల్సింది ఫ్యాక్టరీ. స్ఫటికాలను వరసలో నిలబెట్టే పాలిమర్ పూతను సరిగ్గా పూయాల్సింది ఫ్యాక్టరీ. ప్లస్సు మైనస్సులను సరితూచే మధ్య వోల్టేజీని సవరించాల్సిందీ ఫ్యాక్టరీయే. ఆ మూడు పనుల్లో రెండున్నర చేసి, మిగిలిన అరపనిని మీకు అప్పగించారు. దానికి జీతం ఇవ్వకపోగా ఎదురు డబ్బు కూడా మీ దగ్గరే వసూలు చేశారు.

నిజంగా లక్షణమే అయితే ఒకే మోడల్‌లోని అన్ని తెరలకూ ఉండాలి కదా. 2012 జూన్‌లో యాపిల్ 15 అంగుళాల రెటీనా మ్యాక్‌బుక్ ప్రో విడుదల చేసింది. 2,880 అడ్డం, 1,800 నిలువు పిక్సెళ్లు. అమెరికాలో మొదలు ధరే 2,199 డాలర్లు. దానికి తెరలు ఎల్‌జీ, శామ్‌సంగ్ రెండింటి దగ్గర నుంచీ వచ్చాయి. నీడ ఫిర్యాదులు ఎక్కువగా వచ్చింది ఎల్‌జీ తెరల మీద. దాంతో కొన్నవాళ్లు పెట్టె విప్పీ విప్పగానే టెర్మినల్ తెరిచి, కమాండ్ కొట్టి, తెర నంబరు ఏ అక్షరాలతో మొదలైందో చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఎల్ఎస్ఎన్ అని వస్తే శామ్‌సంగ్, ఇంట్లో పండగ. ఎల్‌పీ అని వస్తే ఎల్‌జీ, స్టోరుకు ప్రయాణం. రెండు వేల డాలర్లు పోసిన సరుకుతో పాటు లాటరీ టికెట్టు ఉచితం. యాపిల్ సహాయ పేజీ మాత్రం ఐపీఎస్ రకం ఎల్‌సీడీ తెరల్లో ఇది మామూలేనంది, స్క్రీన్ సేవర్ పెట్టుకోమంది. రెండు రకాల తెరలను ఒకే ధరకు అమ్ముతూ కొనేవాడికి చెప్పలేదని 2013లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా పడింది. అది నిలవలేదు. కోర్టు మాట కోర్టుది. ఒకే ధర చీటీతో పక్కపక్కన కూర్చున్న రెండు పెట్టెల్లో ఒకదానికే ఉన్నదాన్ని జాతి లక్షణం అనడం ఏ తర్కమో నాకైతే అంతుబట్టదు.

ఇక మన ఊరి సర్వీస్ సెంటర్ సంగతి. ఈ నీడకు అంతకు మించిన పుణ్యక్షేత్రం లేదు, అక్కడికి చేరేసరికి రోగం దానంతటదే నయమవుతుంది. లాప్‌టాప్ మూస్తారు, బ్యాగులో పెడతారు, మెట్రో ఎక్కుతారు, టోకెన్ తీసుకుని కుర్చీలో కూలబడతారు. ఈలోపు అయాన్లు ఎవరి దారిన అవి వెళ్లిపోతాయి. కౌంటర్ మీద తెరిచి చూపిస్తే తెర కడిగిన ముత్యం.

మా మేనకోడలు పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. కొత్త లాప్‌టాప్‌లో పెళ్లికూతురి చెంప మీద సన్నటి గీత కనబడింది. చెరపాలా వద్దా? గీత ఫొటోలో ఉందా, తెరలో ఉందా? ఫొటోను పక్కకు జరిపి చూసింది. చెంప జరిగింది, గీత జరగలేదు. అది అంతకుముందు అదే చోట తెరిచి ఉన్న టూల్ ప్యానెల్ అంచు. తెలివైన పిల్ల కాబట్టి వీడియో తీసుకుని మరీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లింది.

‘కెమెరా వల్ల అలా పడుతుంది మేడం.’

‘ఇంట్లో అందరూ కళ్లారా చూశారండీ.’

‘నార్మల్ వాడకంలో కనిపించదు కదా మేడం. గ్రే స్క్రీన్ పెట్టుకుని ఎవరు చూస్తారు?’

‘నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ మొత్తం గ్రేనే.’

‘అయితే థీమ్ మార్చుకోండి మేడం.’

‘పోనీ ఒక గంట ఇక్కడే ఆన్ చేసి ఉంచండి, మీరే చూస్తారు.’

‘కౌంటర్ దగ్గర అంత టైమ్ కుదరదు మేడం. డిపాజిట్ చేస్తే ఇంజనీర్ చూస్తారు.’

డిపాజిట్ చేసింది. ఆల్బమ్‌ల గడువు దాటాక యంత్రం తిరిగొచ్చింది. జాబ్‌షీటులో ఇలా ఉంది: ‘కస్టమర్ ఫిర్యాదు, డిస్‌ప్లే ప్రాబ్లమ్. పరీక్షలో సమస్య కనబడలేదు. విండోస్ అప్‌డేట్ చేయడమైనది.’ గాజు మీద ఇంజనీరు గారి వేలిముద్ర అదనం. విండోస్ అప్‌డేట్‌తో అయాన్లను చెదరగొట్టే విద్య ప్రపంచంలో ఇంకెవరికీ పట్టుబడలేదు, మన సర్వీస్ సెంటర్లకే సొంతం.

చెడిపోయిన పిక్సెళ్లకైనా ఒక లెక్కుంది. ఐఎస్ఓ 9241-307 ప్రమాణం ప్రకారం రెండో తరగతి తెరలో ప్రతి పది లక్షల పిక్సెళ్లకు ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ వెలగనివి 2, లోపలి రంగు చుక్క చెడినవి 5 ఉండొచ్చు. ఫుల్ హెచ్‌డీ తెరలో 20 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. అంటే నాలుగు తెల్ల చుక్కలూ నాలుగు నల్ల చుక్కలూ దర్జాగా ప్రమాణానికి లోబడే ఉంటాయి. పోచంపల్లి చీరలో నాలుగు చిల్లులు ప్రమాణానికి లోబడే ఉన్నాయని ఏ నేతగాడూ అనడు, అంటే చీర మొహాన కొడతారని తెలుసు. అయినా అది అచ్చులో ఉన్న లెక్క, నచ్చకపోయినా ఎంచి చూసుకోవచ్చు. నీడ ఎన్ని నిమిషాలుంటే లక్షణం, ఎన్ని గంటలుంటే లోపం? ఆ గీత గీసిన వారంటీ కార్డు ఒక్కటీ నా కంటబడలేదు. మరిచిపోయి గీయలేదనుకునేంత అమాయకులం కాదు. గీత ఉంటే, దాటిందని మీరు నిరూపిస్తారు.

ఐపీఎస్ వద్దు, ఓఎల్‌ఈడీ కొనుక్కోండని సలహా ఇచ్చే మిత్రులుంటారు. పెనం మీంచి పొయ్యిలోకన్నమాట. అక్కడ ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, వెలిగిన కొద్దీ అరుగుతుంది, నీలం చుక్క అన్నిటికన్నా ముందు అరుగుతుంది. రోజూ టాస్క్‌బార్ నిలిచే చోట అచ్చు పడితే అది రాత్రి ఆపి పొద్దున చూస్తే పోయే నీడ కాదు, బర్న్ ఇన్, శాశ్వతం. ఆర్‌టింగ్స్ అనే కెనడా పరీక్షా సంస్థ 2018లో ఓఎల్‌ఈడీ టీవీల్లో రోజుకు 20 గంటలు సీఎన్ఎన్ పెట్టి చూస్తే చానల్ పట్టీలు తెరలోకి దిగిపోయాయి. నయం, మన తెలుగు న్యూస్ చానల్ పెట్టలేదు. మూల మూలనా లోగో, పైన బ్రేకింగ్, కింద రెండు స్క్రోలింగులు, పక్కన బంగారం ధర. యాంకర్‌కు మిగిలేది జానెడు జాగా, ఆ టీవీలో చివరికి చెక్కుచెదరనిదీ అదే.

బాధ్యత తీసుకోవడం కంపెనీలకు చేతకాని పనా అంటే, కాదు. 2017 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 2 ఎక్స్ఎల్ ఫోన్ వచ్చిన కొద్ది రోజులకే కింది బటన్ల పట్టీ అచ్చు పడుతోందని సమీక్షకులు ఫొటోలతో బయటపెట్టారు. మొదటి జవాబు షరా మామూలే: మిగతా ఖరీదైన ఫోన్ల తెరలు ఎంత అరుగుతాయో ఇదీ అంతే. గోల ఆగలేదు. అప్పుడు వారంటీని రెండేళ్లకు పెంచారు, వాడనప్పుడు ఆ బటన్లు మసకబారేలా సాఫ్ట్‌వేర్ పంపారు. ఫోన్‌లో రసాయనం మారలేదు, పత్రికల్లో శీర్షికలు మారాయి. అంతే, లక్షణం కాస్తా బాధ్యత అయిపోయింది.

స్క్రీన్ సేవర్ సలహా దగ్గర మాత్రం నాకు నవ్వాగదు. 1983లో జాన్ సోచా అనే ప్రోగ్రామర్ ఐబీఎం పీసీ కోసం ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. మూడు నిమిషాలు కీబోర్డు ముట్టకపోతే తెర నల్లబడేది, సీఆర్‌టీ మానిటర్‌లోని ఫాస్ఫర్ పూత కాలకుండా. తర్వాత దానికి బొమ్మలు తోడయ్యాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో అల్లుకుపోయే పైపుల బొమ్మను చూస్తూ సీ ప్లస్ ప్లస్ నేర్చుకున్న తరం ఇంకా రిటైర్ కూడా కాలేదు. నాలుగు దశాబ్దాల తర్వాత, సరికొత్త టెక్నాలజీ అని అమ్మిన తెరకు అదే పాత చిట్కా రాసిచ్చి పంపుతున్నారు.

వాళ్లు లోపం కాదన్నంత మాత్రాన కాకుండా పోదు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపానికి నిర్వచనం ఉంది. చట్టమో ఒప్పందమో కోరిన నాణ్యతకు తగ్గితే లోపం. అమ్మేవాడు ఏ రూపంలోనైనా సరే చెప్పుకున్న ప్రమాణానికి తగ్గినా లోపమే. అంటే ఆ స్టిక్కరూ, ఆ నెమలీ కూడా సాక్ష్యాలే, పీకి పారేయకండి.

కాబట్టి సర్వీస్ సెంటర్‌కు లాప్‌టాప్‌ను నిద్రపుచ్చి తీసుకెళ్లకండి. నిద్రపోకుండా సెట్టింగ్ మార్చి, నీడ మిగిల్చే ఎక్సెల్ షీటు తెర మీద ఉండగానే పట్టుకెళ్లి, కౌంటర్ మీద వాళ్ల కళ్ల ముందే మూసి బూడిద రంగు చూపించండి. జాబ్‌షీటులో ‘డిస్‌ప్లే ప్రాబ్లమ్’ అని రాస్తే సంతకం పెట్టకండి, మూసిన విండో నీడ ఎంతసేపు ఉంటోందో మాటల్లో రాయించండి. మార్చి ఇచ్చే గడువు దాటకముందే వెళ్లండి. అప్పటికీ లక్షణమే అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రాయండి. సరుకును ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించే అధికారం కమిషన్‌కు ఉంది, ఆ ల్యాబ్‌లో విండోస్ అప్‌డేట్ చేసి పంపేయరు. కమిషన్‌కు ఫిర్యాదు చేసే గడువు రెండేళ్లు. సరుకుకు మీరిచ్చిన ధర 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు ఫీజు లేదు.